వినాయకుడి వాహనాలూ, నా ముక్కూ

ఎలకలంటే నాకు చిన్నప్పటినుంచీ పగ. అందులో నా తప్పేమీ లేదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పుట్టింట్లో వడ్లపురి కింద కన్నాలు వేసినవి అవే. అత్తవారింట్లో నా పెళ్లి పట్టుచీరని, మడత మీద పెట్టినదాన్ని పెట్టినట్టే, అన్ని మడతలూ ఒక్కసారిగా కొరికి పెట్టినవీ అవే. ఇక పందికొక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు మన దేశంనుంచి చాలా పట్టుకుపోయారంటారు గాని, మన తెలుగు 'పందికొక్కు' మాటని కూడా పట్టుకుపోయి 'బాండికూట్' అని నిఘంటువులో పెట్టుకున్నారని మా అల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. మాటతోపాటు ఆ జంతువుల్ని కూడా తీసుకుపోయి ఉంటే మా వడ్లు మాకు దక్కేవి!

అలాంటి నన్ను, అరవై నాలుగో ఏట, విమానం ఎక్కించి, సముద్రాలు దాటించి, రెండు ఎలకలకి దాసీగా నియమిస్తాడు భగవంతుడని ఎవరనుకుంటారు?

మా అమ్మాయి రెండో పురిటికని కిందటేడు అక్టోబరులో ఇంగ్లండు వెళ్లాను. లండనుకి పడమటగా సుమారు 40 మైళ్ల దూరంలో రెడింగ్ అనే ఊళ్లో వాళ్ల కాపురం. వాము, శొంఠి, సున్నిపిండి, కాయం పొడి — బాలింతకి కావలసినవన్నీ మూట కట్టుకుని వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే ఏదో ఘాటు వాసన ముక్కుకి తగిలింది. కొత్త వాసన కాదు. ఎక్కడో, ఎప్పుడో బాగా ఎరిగున్న వాసనే. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

"చూశావా అమ్మా, నువ్వు కూడా ముక్కు మూసుకున్నావు" అంది అమ్మాయి, కళ్లనీళ్ల పర్యంతమై.

ఈలోగా తొమ్మిదేళ్ల మనమరాలు నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయింది. అక్కడ గోడవార, నా ఎత్తున, ఇనపకమ్మీల పంజరం ఒకటి నిలబెట్టి ఉంది. అందులో అరలు, నిచ్చెనలు, గుడ్డ ఉయ్యాలలు! ఉయ్యాలలో రెండు ఎలకలు ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒకటి తెల్లది, తలమీద మటుకు నల్లటి ముసుగు వేసినట్టు ఉంది. రెండోది కాఫీపొడి రంగు.

"అమ్మమ్మా, వీడు బిస్కట్, వీడు టాఫీ. ఒక్కణ్ణే పెంచకూడదు, దిగులు పెట్టుకుంటాడు. అందుకని ఇద్దరు" అంది పిల్ల.

ఆ దేశంలో ఇదేమీ కొత్త వింత కాదట. విక్టోరియా రాణిగారి కాలంలో జాక్ బ్లాక్ అనే ఎలకలు పట్టేవాడు, రంగు బాగున్నవాటిని చంపకుండా దాచి, మచ్చిక చేసి, ఆడవాళ్లకి అమ్మేవాడట. 1901లో ఎయిల్స్‌బరీ అనే ఊళ్లో, మేరీ డగ్లస్ అనే ఆవిడ పూనికమీద, ఎలకలకి ప్రదర్శన పెట్టి బహుమతులు కూడా ఇచ్చారు. 1976 నుంచీ వాటికోసం ప్రత్యేకంగా ఒక సంఘమే నడుస్తోంది. మనం బోను పెట్టేచోట వాళ్లు బహుమతి పెడతారన్నమాట!

ఆ రాత్రే పంచాయితీ

అమ్మాయికి ఏడో నెల. ఆ వాసనకి కడుపులో తిప్పి, తిన్నది ఇమడడం లేదు. గర్భిణీ స్త్రీలు ఎలకల పొట్టూ, పెంటికలూ ముట్టుకోకూడదని డాక్టరు చెప్పిందట. వాటివల్ల కొన్ని జబ్బులు అంటే ప్రమాదం ఉంది. అంచేత శుభ్రం చేసే పని అల్లుడిమీదా, పిల్లమీదా పడింది. ఆయన పొద్దున్నే లండను రైలెక్కి వెళితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. పిల్లకేమో బడి. పైగా చలికాలం. తలుపులూ కిటికీలూ బిగించేసి, గోడలకి వేడినీళ్ల రేడియేటర్లు పెట్టుకుని కూచోవడమే. కింద చూస్తే గోడనుంచి గోడదాకా తివాసీ. ఇక వాసన ఎక్కడికి పోతుంది?

"అత్తయ్యగారూ, డిసెంబరు నెలాఖరుకి పురుడు. ఆలోగా ఈ వాసన పోకపోతే వీటిని రెస్క్యూ సెంటరుకి ఇచ్చేద్దామనుకుంటున్నాం" అన్నాడు అల్లుడు, గొంతు తగ్గించి.

"ఆలోగా ఎందుకు బాబూ, రేపే ఇచ్చెయ్యండి. వినాయకుడి వాహనమైనా వీధిలో ఉంటేనే అందం" అన్నాను.

ఆ రాత్రి పిల్ల నా పక్కలోనే పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. చీకట్లో మెల్లిగా అడిగింది:

"అమ్మమ్మా, తమ్ముడు కూడా వాసనొస్తాడా?"

"పసిపిల్లలన్నాక పక్క తడపరూ? వాసన రాకుండా ఎలా ఉంటుంది?"

"మరి తమ్ముణ్ణి కూడా ఇచ్చేస్తారా?"

నాకు నోట మాట రాలేదు. మాట్లాడుకున్నదంతా మెట్లమీద కూచుని విన్నదన్నమాట. చాలాసేపు దాని వీపుమీద చెయ్యి వేసి పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి నేను పక్షం మార్చేశాను.

నేను చేసిన ఘనకార్యాలు

వాసనకి విరుగుడు మంచి వాసన అని నా నమ్మకం. ముందు రెండు అగరువత్తులు వెలిగించాను. లాభం లేకపోయింది. సాంబ్రాణి వేశాను. ఇంటి కప్పుకి బిగించిన పొగ గంట గణగణమని మోగింది. పక్కింటి దొరసాని పరిగెత్తుకొచ్చింది. మా అమ్మాయి నిండుకడుపుతో కుర్చీ ఎక్కబోతే ఆపి, చీపురుకర్రతో ఆ గంట నొక్కేసరికి నా పని అయిపోయింది.

తరవాత దుకాణంలో గాలికి చల్లే సుగంధం కొన్నాం. పంజరంలో పరవడానికి ఘుమఘుమలాడే పైన్ చెక్కపొట్టు కొన్నాం. అంతటితో ఊరుకున్నానా? పంజరం మొత్తం ప్రతిరోజూ ఊడదీసి, ఘాటైన క్రిమిసంహారిణితో కడిగి, పాత పొట్టు చిటికెడు మిగలకుండా పారబోశాను. నాలుగు రోజులు ఇల్లు గుడి వాసనా, ఆసుపత్రి వాసనా కలిసి వచ్చింది. అయిదో రోజున అసలు వాసన వాటినన్నిటినీ తోసుకుని పైకొచ్చింది.

పదో రోజున టాఫీ తుమ్మడం మొదలుపెట్టింది. మనిషి తుమ్మినట్టే, కానీ గోరంత. మర్నాడు చూస్తే ముక్కుచుట్టూ, కళ్లచుట్టూ ఎర్రగా ఉంది. పిల్ల "రక్తం!" అని ఒక్క కేక వేసింది. నా గుండె జారిపోయింది. దాని చావు కోరి వచ్చినదాన్ని నేను. ఇప్పుడది నా చేతిలోనే పోతుందేమోనని వణికాను.

ఆ ఊళ్లో చిన్న జంతువులకి వైద్యం చేసే పశువుల డాక్టరమ్మ ఉంది. టాఫీని పెట్టెలో పెట్టుకుని వెళ్లాం. ఆవిడ తడి దూదితో ఆ ఎరుపు తుడిచి చూపించింది. అది రక్తం కాదట. ఎలకకి కంటి వెనక ఒక గ్రంథి ఉంటుంది. అందులోనుంచి పోర్ఫిరిన్ అనే ఎర్రరంగు పదార్థం ఊరుతుంది. ఒంట్లో బాగులేకపోయినా, బెదురు పట్టుకున్నా అది ఎక్కువై, కన్నీళ్లతో కలిసి బయటికి కనిపిస్తుంది. తరవాత చిన్న గొట్టం పెట్టి రొమ్ము పరీక్ష చేసింది.

"ఏమేం చల్లారు, ఏమేం పరిచారు?" అని అడిగింది. మా అమ్మాయి నా ఘనకార్యాలన్నీ ఇంగ్లీషులో వరసగా చెప్పింది. ఒక్కొక్కటి చెప్పినకొద్దీ నేను కుర్చీలో ఒదిగిపోయాను.

ఆవిడ కోప్పడలేదు. ఓపిగ్గా చెప్పింది. పెంపుడు ఎలకల్లో చాలావాటి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఎప్పుడూ కాపురం ఉంటుంది. దాన్ని కదపకపోతే తన మానాన తను ఉంటుంది. గాలిలో ఘాటు పెరిగితే విజృంభిస్తుంది. పొగ, సుగంధాల తుంపర, పైన్, సీడార్ చెక్కల్లో ఉండే తైలాల ఆవిరి — ఇవన్నీ ఘాటే. అన్నిటినీ మించిన ఘాటు వాటి మూత్రంలోనుంచి పుట్టే అమోనియా. అమోనియా ఎక్కువైనకొద్దీ ఎలకల్లో ఈ ఊపిరితిత్తుల జబ్బు ముదురుతుందని 1976లోనే శాస్త్రజ్ఞులు పరీక్షించి రుజువు చేశారట. గాలిలో పదిలక్షల పాళ్లకి 25 పాళ్లు ఉన్నా చాలునట.

"మీ ముక్కు అయిదడుగుల ఎత్తున ఉంది. దాని ముక్కు ఆ పొట్టులోనే ఉంది. మీకు వాసన తగిలేసరికి అది ఎన్నాళ్లనుంచో పీలుస్తూ ఉన్నట్టు లెక్క" అంది.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. వాసన మనకి చిరాకు, దానికి ఊపిరి.

మరిచిపోయిన వాసన

ఆవిడే మరో సంగతి చెప్పింది. ఎలక మూత్రానికి అప్పటికప్పుడు అంత ఘాటు ఉండదు. అందులో యూరియా ఉంటుంది. తడిగా, వెచ్చగా అలాగే వదిలేస్తే సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి. అంటే వాసన పుట్టేది ఎలకలోనుంచి కాదు, మనం తియ్యకుండా వదిలేసిన తడిలోనుంచి.

అప్పుడు తట్టింది నాకు, గుమ్మంలో తగిలిన వాసన ఏమిటో! శ్రావణమాసపు ముసురులో, మూల తట్టలో కుప్పపడ్డ పొత్తిగుడ్డల వాసన. చిన్నప్పుడు తలనొప్పి వస్తే నవాసాగరం, సున్నం కలిపి అరచేతిలో నలిపి పీల్చమనేవారే, అదే ఘాటు. ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని. తడిసిన పొత్తిగుడ్డమీద అత్తరు చల్లిన తల్లి ఎక్కడైనా ఉందా? గుడ్డ తీసి, జాడించి, ఆరవేసి, పొడిగుడ్డ పరుస్తాం. ఇంత తెలిసినదాన్ని, ఎలకల దగ్గరికి వచ్చేసరికి మూతిమీద ముక్కున్న సంగతి తప్ప బుర్ర ఉన్న సంగతి మరిచిపోయాను.

డాక్టరమ్మ మందిచ్చింది. చుక్కలమందు పొద్దునా సాయంత్రం పట్టాలి. ఆ పని పిల్లది. తడి తీసే పని నాది.

తడి ఎక్కడుందో వెతకడం

మొట్టమొదట పైన్ పొట్టు తీసేసి, సువాసన లేని కాగితపు గుళికలు రెండంగుళాల మందాన పరిచాం. అవి తడిని పీల్చుకుంటాయి, దుమ్ము తక్కువ. పొద్దునా సాయంత్రం చిన్న చేటలాంటి దానితో తడిసినచోటు మటుకు ఎత్తి పారేసి, అంతే కొత్తది వేసేదాన్ని. అయిదు నిమిషాల పని.

ఎలకలు శుభ్రమైన జంతువులంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కాని పిల్లిలాగే రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటాయి. వాటికి స్నానం అక్కర్లేదు. పోస్తే బెదిరిపోతాయి. దొడ్డికి వెళ్లడానికి కూడా ఒక మూల ఎంచుకుంటాయి. ఆ మూల ఏదో నాలుగు రోజులు కనిపెట్టి, అక్కడ ఒక పళ్లెం పెట్టి, అందులో వేరే రకం గుళికలు పోసి, నాలుగు పెంటికలు గుర్తుగా వేశాం. మధ్యలో ఒక నున్నటి రాయి పెట్టాం. ఆ రాయి ఎక్కి మూత్రం పొయ్యడం వాటికి సరదా! రెండు వారాల్లో పెంటికలన్నీ ఇంచుమించు పళ్లెంలోకే వచ్చాయి.

మూత్రం సంగతి మటుకు సగమే సాధించాం. మగ ఎలకలు నడిచినచోటల్లా చుక్క చుక్క విడుస్తూ పోతాయి. అది వాటి సంతకం. 'ఇది నా ఇల్లు, ఇది నా దారి' అని రాసుకోవడం. మన ఊళ్లో గోడలమీద పేర్లు రాసుకునేవాళ్లు లేరూ? ఆడ ఎలకలకి ఈ అలవాటు తక్కువట. శస్త్రచికిత్స చేయిస్తే మగవాటిలో కూడా తగ్గుతుందన్నారు గాని, జబ్బుపడి లేచినదానికి అది వద్దనుకున్నాం.

నేను రోజూ అంతా కడిగేస్తే వాసన రెట్టింపు ఎందుకయిందో కూడా ఇప్పుడర్థమయింది. తమ సంతకాలన్నీ చెరిగిపోయేసరికి అవి కంగారుపడి మళ్లీ ఊరంతా రాసుకున్నాయి. అంచేత వారానికొకసారి పొట్టు మార్చేటప్పుడు, పాతదానిలో పొడిగా ఉన్నది గుప్పెడు తీసి కొత్తదానిలో కలపడం మొదలుపెట్టాం. ఉయ్యాలలు ఉతికిన రోజు పొట్టు జోలికి పోము. పొట్టు మార్చిన రోజు ఉయ్యాలలు ముట్టుకోము.

ఉయ్యాలలు రెండు జతలు పెట్టుకున్నాం. మూడు రోజులకోసారి తీసి, పొత్తిగుడ్డల్లాగే ముందు చల్లనీళ్లలో జాడించి, తరవాత వాసన లేని సబ్బుపొడితో ఉతికి, ఖణఖణలాడేలా ఆరవేస్తాం. బట్టలు మెత్తబడడానికి పోసే సుగంధద్రవం దగ్గరికి రానివ్వం.

ప్లాస్టిక్ అరలమీద తెల్లగా గారకట్టిన చోట్లున్నాయి. అది ఎండిన మూత్రపు గార. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పది నిమిషాలు నానబెడితే ఊడివస్తుంది. అమోనియా క్షారం, వెనిగర్ ఆమ్లం. ఒకదాన్ని ఒకటి చంపుతాయి. తరవాత మంచినీళ్లతో తుడిచి, ఆరాకే ఎలకల్ని వదలాలి. బ్లీచింగు ద్రవం మటుకు వాడకండి. అది మూత్రంలోని అమోనియాతో కలిసినా, వెనిగర్‌తో కలిసినా మనిషికి కూడా ప్రమాదమైన విషవాయువు పుడుతుంది.

ఇన్ని చేసినా ఒక మూలనుంచి ఘాటు పోలేదు. ఒకరోజు ముక్కు ఆనించి పంజరమంతా వెతికాను. పై రెండు అరలూ చెక్కవి. అల్లుడుగారు ఆదివారాలు కూచుని, ముచ్చటపడి, తన చేత్తో కోసి బిగించినవి. ఏడాదిపాటు తడిని తాగి తాగి నల్లబడ్డాయి. ఎంత కడిగినా చెక్క లోపలికి దిగినది బయటికి రాదు. సంగతి ఎలా చెప్పాలా అని రెండు రోజులు తటపటాయించాను. అల్లుడితో అత్తగారు ఆడగల మాటేనా ఇది? చివరికి కాఫీ చేతికిచ్చి, "బాబూ, ఒక్కసారి ఈ అర వాసన చూడండి" అన్నాను. చూశాడు. కాఫీ కిందపెట్టి, మారుమాట లేకుండా మర తిప్పే పనిముట్టు తెచ్చాడు. ఇంటి వాసనలో సగం ఆ చెక్కలతోపాటు పోయింది.

తిండి సంగతి కూడా చెప్పాలి. పిల్ల ప్రేమకొద్దీ రోజూ గుడ్డు, జున్ను, కోడిమాంసం పెట్టేది. మాంసకృత్తులు అక్కరకు మించితే అవే మూత్రంలో యూరియాగా దిగుతాయి. పైగా ఎలకలు పెట్టినదంతా అప్పటికప్పుడు తినవు, దాచుకుంటాయి. పడకగూడు కింద నాలుగు రోజులనాటి దోసెముక్క బూజుపట్టి దొరికింది. నేను పోసిన దోసే! ఆనాటినుంచి రోజువారీ ఎలకల దాణా, కాస్త కూరముక్కలు; గుడ్డు వారానికోసారి. మెత్తటి తిండి ఏదైనా సాయంత్రానికల్లా తీసెయ్యాలి.

పంజరం హాల్లో రేడియేటరు పక్కన ఉండేది. వేడికి ఘాటు ఇంకా రేగుతుంది. ఒక ఆదివారం దాన్ని మేడమీద చిన్న గదిలోకి మార్చి, కింద తుడుచుకోవడానికి వీలుగా ప్లాస్టిక్ పట్టా పరిచాం. రోజూ ఒక గంట కిటికీ వారగా తెరిచి ఉంచాం, గాలి నేరుగా పంజరానికి కొట్టకుండా. పసివాడు వచ్చాక ఎలకలు వాడి గదిలోకి రాకూడదు, ఎలకని ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడగందే వాడిమీద పడకూడదు అని కట్టుబాటు పెట్టాం.

తీర్పు

టాఫీ తుమ్ములు మూడు వారాల్లో తగ్గాయి. డిసెంబరు రెండో వారంలో ఒకనాటి సాయంత్రం అమ్మాయి మెల్లిగా మెట్లెక్కి ఆ గది గుమ్మంలో నిలబడింది. పంజరం మార్చాక అది అటు రావడం అదే మొదలు. పిల్ల ఊపిరి బిగబట్టి తల్లి ముఖం చూస్తోంది. నేను తుడుస్తున్న గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అమ్మాయి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"వాసన లేదనను. ఎలక వాసన ఉంది. ఎండుగడ్డి వాసనలా ఉంది. కాని కడుపులో తిప్పడం లేదు" అంది. ఆగి, "ఉండనీ" అంది.

జంతువున్న ఇంట్లో జంతువు వాసన బొత్తిగా లేకుండా ఎలా ఉంటుంది? ఆవు ఉన్న ఇంట్లో ఆవు వాసన రాదూ? ఉండకూడనిది ఆ ఘాటు. అది వచ్చిందంటే మనం ఎక్కడో తడి వదిలేశామని అర్థం. శుభ్రం చేస్తున్నా హఠాత్తుగా కొత్త వాసన వస్తే, డాక్టరుకి చూపించాలని అర్థం.

క్రిస్మసు వెళ్లిన మూడోనాడు మనమడు పుట్టాడు. ఇంటికి తెచ్చిన రెండో రాత్రి, అమ్మాయి అలిసి ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. నాకూ కునుకు పట్టింది. ఎవరో భుజం తట్టారు. చూస్తే పిల్ల, చేతిలో మడతపెట్టిన పొడిగుడ్డ.

"అమ్మమ్మా, తమ్ముడు వాసనొస్తున్నాడు. తడి తియ్యాలి" అంది గుసగుసగా.

మార్చిలో తెనాలి తిరిగి వచ్చేశాను. మా అటకమీది ఎలకలకి ఇప్పటికీ బోను పెడుతూనే ఉన్నాను. ఆ పగ అలాగే ఉంది. ఆదివారం ఆదివారం ఫోనులో మాత్రం మనమడి కబుర్ల తరవాత, ఆ ఇద్దరి క్షేమం కూడా అడుగుతాను. ఎలక బతుకు రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. టాఫీ ముసలివాడయ్యాడట. వెనక కాళ్లు ఈడుస్తున్నాడట. పళ్లెం అంచు ఎక్కలేక ఉన్నచోటే తడిపేసుకుంటున్నాడట.

"అంచు తక్కువ పళ్లెం మార్చానమ్మమ్మా. పొట్టు రోజుకి మూడుసార్లు తీస్తున్నాను" అంది పిల్ల.

"ఒంటికింద తడి లేకుండా చూసుకో తల్లీ" అన్నాను.